మకు గుడిస్తే మి

ఫోనులో టైపు చేసే మీకు గుడి విలువ తెలియదు. నేను చెప్పేది దేవుడి గుడి గురించి కాదు, అక్షరం నెత్తిన పెట్టే గుడి గురించి. మీరు తప్పు కొడితే ఫోనే దిద్దిపెడుతుంది. అది దిద్దకపోయినా అవతలివాడు ఎలాగోలా అర్థం చేసుకుంటాడు. మాకు ఆ సుఖం లేదు. కలంతో ఏది రాస్తే అదే. ఒక్క గుడి మూలంగా ఒక ఫుట్‌బాల్ జట్టు వేసవి మొత్తం తలకిందులైంది. ఒక మనిషి ఇరవై ఏళ్ళ ఆట అవమానంతో ముగిసిపోబోయింది. ఆ రాత నాదే కనుక, ఆ కథ చెప్పే బాధ్యతా నాదే. నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఇప్పటికి చాలామంది నవ్వేశారు.

గుంటూరులో మా క్లబ్బుకి నేను ముప్పై రెండేళ్ళు గుమాస్తాని. గది తలుపు మీద 'ఆఫీస్ మేనేజర్' అని రాసి ఉండేది గానీ, ఆ ఆఫీసులో నేను మేనేజ్ చేయడానికి నేనూ, ఒక సీలింగ్ ఫ్యానూ తప్ప ఎవరూ లేరు. ఆ ఫ్యాను కూడా నా మాట వినేది కాదు. ఆటగాళ్ళ ఫారాలు నింపడం, వాళ్ళ పేర్లు ఫుట్‌బాల్ సంఘంలో నమోదు చేయించడం, బస్సు మాట్లాడటం, బంతుల్లో గాలి ఉందో లేదో చూడటం నా పనులు. జీవితంలో నేను ఒక్క గోలు కూడా కొట్టలేదు. అయినా ఫుట్‌బాల్ గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. ఆ జబ్బు క్లబ్బు గుమాస్తాలందరికీ ఉంటుంది.

నేను రిటైర్ అవడానికి ఏడాది ముందు, అంటే మొన్నమొన్నే, మా జట్టు లీగులో అడుగున నిలిచి కింది డివిజన్‌కి జారిపోయింది. ఆఖరి మ్యాచ్ డ్రా చేసుకున్నా గట్టెక్కేవాళ్ళం. ఒక గోలు వెనకపడి ఉండగా చివరి నిమిషంలో పెనాల్టీ వచ్చింది. మా కెప్టెన్ తన్నాడు. బంతి పై బారుకి తగిలి వెనక్కి వచ్చేసింది. అంతే.

ఆ కెప్టెన్ గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ కథ అతనిది. అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. పరుపులు కుట్టే ముస్లిం కుటుంబం. తాతల నాటి నుంచి దూది ఏకడం, పరుపులు, దిండ్లు కుట్టడం వాళ్ళ వృత్తి. తెల్లవారుజామునే నమాజు చేసుకుని తిన్నగా గ్రౌండుకి వచ్చేవాడు. గడ్డంలో ఎక్కడో ఒక దూదిపింజ అంటుకుని ఉండేది. జట్టులో చిన్నవాళ్ళు అది తీసి అతని చేతిలో పెట్టి, "అన్నా, ఇది లెక్కలో తగ్గుద్దేమో చూసుకో" అనేవాళ్ళు. పద్నాలుగో ఏట అతను క్లబ్బులో చేరినప్పుడు ఫారం నింపింది నేనే. అందులో ఎత్తు రాసే గడి దగ్గర ఆ అబ్బాయి మునివేళ్ళ మీద నిలబడటం చూసి కూడా ఏమీ అనలేదు.

పెనాల్టీ పోయిన మర్నాడు నా గదికొచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, ఒక్క సీజన్ ఆడి మానేస్తా" అన్నాడు. "నాకు మళ్ళీ పెనాల్టీ రావాలని లేదు. గెలిచే జట్టులో ఉండి మానేయాలి. ముంచినోడిగా మానేస్తే రేపు మా పిల్లల్ని గ్రౌండుకి ఏ మొహం పెట్టుకుని తీసుకురాను?"

"ఒరేయ్, నిన్నెవరు తీసేస్తారురా?" అన్నాను. అంత ధీమాగా అన్నాను మరి.

ఓడిన జట్టుకి కొత్త కోచ్‌ని తెస్తే పాపం పోతుందని మా కమిటీ నమ్మకం. ఈసారి కేరళ నుంచి తెచ్చారు. నలభై దాటిన మనిషి. సన్నగా ఉంటాడు, టోపీ తీయడు. మార్చిలో రైలు దిగాడు. మిర్చి యార్డు నిండుగా ఉండే రోజులు కదా, ప్లాట్‌ఫారం మీదే తుమ్మడం మొదలుపెట్టి వారం రోజులు తుమ్మాడు. "సార్, యువర్ టౌన్, ఎయిర్ ఆల్సో టాకిల్ చేస్తోంది" అన్నాడు నాతో. ఆ 'చేస్తోంది' ఎవరు నేర్పారో తెలియదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

మా ప్రెసిడెంటు గారికి పత్తి జిన్నింగ్ మిల్లు ఉంది. మంచి మనిషి, గొంతు పెద్దది. కోచ్ గారికి శాలువా కప్పి, కమిటీ అందరి ముందూ ప్రకటించారు: "ఫుల్ ఫ్రీడమ్ అండీ! ఎవర్ని ఉంచుకుంటారో, ఎవర్ని తీసేస్తారో, ఎవర్ని కొత్తగా తెస్తారో మీ ఇష్టం. మేం వేలు పెట్టం."

అందరం చప్పట్లు కొట్టాం. సభ అయ్యాక ప్రెసిడెంటు గారు కారెక్కబోతూ నన్ను పిలిచి, అద్దం దించి మెల్లగా అన్నారు. ఆయన మెల్లగా అంటే రోడ్డవతలికి వినపడుతుంది.

"కోచ్ గారికి ఫ్రీడమ్ ఇచ్చాం గదా. నువ్వు మనోళ్ళ సంగతి కాస్త చూసుకోవయ్యా."

ఈ 'మనోడు' అన్న మాట గురించి మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. చుట్టం కావచ్చు, ఊరివాడు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఆ ఇంకేదైనా ఏమిటో ఎవరూ విడమరచి చెప్పరు, అందరికీ తెలుసు. ఆఫీసులో కొత్త మనిషి చేరితే పని వచ్చా రాదా అని తర్వాత అడుగుతారు. ముందు 'మనోడేనా?' అంటారు. మా క్లబ్బులో ఉన్న ముప్పై ఒక్క మంది ఆటగాళ్ళలో కమిటీ వారి మనోళ్ళు ఆరుగురు. ప్రెసిడెంటు గారి మేనల్లుడు గోల్‌కీపర్. కమిటీలో ఉన్న కోల్డ్ స్టోరేజీ యజమాని తమ్ముడి కొడుకులు ఇద్దరూ డిఫెండర్లు. మిగిలిన ముగ్గురు ఫార్వర్డులు. వాళ్ళలో ఒకడు విత్తనాల కొట్టాయన అల్లుడు. పెళ్ళిలో తిన్న భోజనం అతని పొట్టలో అలాగే ఉండిపోయింది.

కోచ్ గారు అడిగారని నేను జట్టు జాబితా తయారుచేశాను. పెద్ద రూళ్ళ నోటుబుక్కు, నల్ల కలం. పేరు, వయసు, దాని పక్కన ఆడే చోటుకి గుర్తు. గోల్‌కీపర్‌కి 'గో', డిఫెండర్‌కి 'డి', మిడ్‌ఫీల్డర్‌కి 'మి', ఫార్వర్డ్‌కి 'ఫా'. ఎన్నో ఏళ్ళుగా నా పద్ధతి అదే. ఆ ఆరుగురు మనోళ్ళ గుర్తు పక్కన మాత్రం ఇంకో అక్షరం చేర్చాను. 'మ'. 'గో మ', 'డి మ', 'ఫా మ' అని. కోచ్ గారు ఎవరినైనా తీసేద్దామని వేలు పెడితే, నేను ఓరకంట ఆ మ చూసుకుని, "కుర్రాడు బాగా పైకొస్తాడండీ" అని అడ్డుపడొచ్చు. ఆయనకి తెలుగు చదవడం రాదు కదా, భయమేముంది?

కెప్టెన్ పేరు పక్కన 'మి' అని మాత్రమే రాశాను. అతని కోసం ఎవరూ అద్దం దించలేదు.

జాబితా నేను చదువుతుంటే కోచ్ గారు పేర్లు తన భాషలో రాసుకున్నారు. తర్వాత నోటుబుక్కు ఓసారి ఇమ్మని తీసుకున్నారు. మర్నాడు తిరిగిస్తూ ఆయన మొహం వెలిగిపోతోంది.

"సార్! వెరీ గుడ్ స్క్వాడ్!" అన్నారు.

అడుగున నిలిచిన జట్టుని ఎవరైనా వెరీ గుడ్ అంటే ఏదో తేడా ఉందని తెలుసుకోవాలి. నేను మాత్రం నా రాత గురించేమో అనుకుని, థాంక్స్ అండీ అన్నాను.

ఎండలు ముదిరాయి. పొద్దున్నే ఐదున్నరకి మొదలుపెట్టి ఎనిమిదిలోపు ముగించకపోతే గ్రౌండు మీద కాలు నిలవదు. నల్లపాడు నుంచి, మంగళగిరి నుంచి, తాడేపల్లి నుంచి కుర్రాళ్ళు బైకుల మీద వచ్చేవాళ్ళు. కొత్తవాళ్ళకి సెలక్షన్లు, ఉన్నవాళ్ళకి పరీక్షలు. రోజూ ఇద్దరొచ్చేవాళ్ళు, ఇద్దరు పోయేవాళ్ళు. నేను ఒక ఫారం కొత్తగా రాస్తూ ఇంకో ఫారం కొట్టేస్తూ ఉండేవాణ్ణి.

మొదటి వారంలోనే ఒక వింత చూశాను. ప్రెసిడెంటు గారి మేనల్లుణ్ణి కోచ్ గారు గోల్ దగ్గర నిలబెట్టడం మానేసి, మధ్యలో ఆడించడం మొదలుపెట్టారు. ఆ అబ్బాయి ఆరడుగుల రెండంగుళాలు. ఆ ఎత్తు చూసే చిన్నప్పుడు గోల్లో నిలబెట్టారు, అప్పట్నుంచి అక్కడే ఉన్నాడు. మర్నాడు ఆ అన్నదమ్ములిద్దరూ డిఫెన్స్ వదిలి మధ్యకొచ్చారు. తర్వాత విత్తనాల కొట్టాయన అల్లుడూ మధ్యలోనే. పాపం, అతను మధ్యలో పరిగెడుతుంటే నడిచిపోతున్న మనిషికి ఎవరో ఆయాసం అరువిచ్చినట్టుండేది.

నేను దీన్ని కొత్త సిస్టమ్ అనుకున్నాను. టీవీలో యూరప్ మ్యాచ్‌లు చూస్తాం కదా, అక్కడ ఎవరు ఎక్కడ ఆడతారో ఎవరికీ తెలియదు, అది ఇదేనేమో అనుకున్నాను. కమిటీకి కూడా అలాగే చెప్పాను. వాళ్ళు తలలూపారు. ప్రెసిడెంటు గారయితే మురిసిపోయారు.

"చూశావా! మనోళ్ళకి ఎట్టా అన్ని చోట్లా ట్రైనింగ్ ఇస్తన్నాడో! మనిషిని చూడగానే కనిపెట్టాడయ్యా. ఇదీ కోచింగంటే!"

మధ్యలో జనం పెరిగేకొద్దీ కెప్టెన్‌కి ఆడే నిమిషాలు తగ్గుతూ వచ్చాయి. మోకాలికి పట్టీ కట్టుకుని గీత బయట పరుగులు తీసేవాడు. నేను చూసీ చూడనట్టు ఉండేవాణ్ణి. ఇన్నేళ్ళ తర్వాత వాణ్ణెవరు తీసేస్తారు అన్న ధీమా ఇంకా ఉంది నాకు.

ఆ ధీమా మే నెలాఖరులో ఒక పొద్దున పగిలింది. మర్నాడు జాబితా ఖాయం చేసి సంఘంలో ఇవ్వాలి. ప్రాక్టీసయ్యాక కోచ్ గారు నా గదిలో కూర్చుని, తీసేయబోయేవాళ్ళ పేర్లు చెప్పారు. మూడో పేరు కెప్టెన్‌ది.

"కోచ్ గారూ, కెప్టెన్ అండీ!"

"ఐ నో, సార్. గుడ్ మ్యాన్. బట్ థర్టీ ఫోర్, నీ ప్రాబ్లమ్" అని తన మోకాలు తట్టి చూపించారు. "అండ్ టూ మెనీ మిడ్‌ఫీల్డర్స్. టెన్!"

"పదిమందా? నలుగురే కదండీ!"

ఆయన చిన్నపిల్లాడిలా నవ్వారు. సంచీలోంచి ఒక పుస్తకం తీశారు. ఒకటో తరగతి తెలుగు వాచకం. బ్రాడీపేటలో కొన్నారట. నన్ను ఆశ్చర్యపరుద్దామని చెప్పకుండా, వచ్చిన మొదటి వారం నుంచే రోజూ మధ్యాహ్నం గదిలో కూర్చుని అక్షరాలు దిద్దుతున్నారు. అ నుంచి ఱ దాకా వచ్చేశాయి. నా నోటుబుక్కు ముందుకు లాక్కుని వేలు పెట్టి చదివారు.

"దిస్ ఈజ్ గ. గోల్‌కీపర్. దిస్ ఈజ్ డ. డిఫెండర్. ఫ, ఫార్వర్డ్. మ, మిడ్‌ఫీల్డర్. కరెక్ట్, సార్?" తర్వాత మేనల్లుడి పేరు దగ్గరికొచ్చారు. "సీ, గ అండ్ మ! గోల్‌కీపర్ ఆల్సో, మిడ్‌ఫీల్డర్ ఆల్సో! సిక్స్ ప్లేయర్స్, టూ పొజిషన్స్! ఇన్ కేరళ ఆల్సో దిస్ ఈజ్ రేర్, సార్!"

ఆయన అక్షరాలు నేర్చుకున్నారు, గుణింతాల దాకా రాలేదు. మకు గుడిస్తే మి అన్న ముక్క ఇంకా ఆయన చెవిన పడలేదు. ఆయన కంటికి నా 'మి', నా 'మ' రెండూ ఒకటే. మనోడన్న ప్రతివాడూ మిడ్‌ఫీల్డరైపోయాడు. ఆరుగురు మనోళ్ళూ నలుగురు అసలువాళ్ళూ కలిసి పదిమంది. పదిమందిలో అందరికన్నా పెద్దవాడు, మోకాలు బాగాలేనివాడు బయటికి పోతున్నాడు. వాణ్ణి తీసేసింది కోచ్ కాదు. నా కలం.

అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. మ అంటే ఏమిటో చెబితే ప్రెసిడెంటు గారి పేరు బయటికొస్తుంది, నా పేరూ వస్తుంది. రిటైర్మెంటుకి ఏడాది ఉంది. "బాగా నేర్చుకున్నారండీ" అని మెచ్చుకుని ఊరుకున్నాను. పిరికితనానికి మర్యాద తొడుగు వేస్తే ఎంత ముద్దుగా ఉంటుందో!

కబురు మధ్యాహ్నానికే కెప్టెన్‌కి చేరింది. సాయంత్రం ఎండ తగ్గాక, పరుపుల కొట్టు దగ్గర్నుంచి అలాగే వచ్చేశాడు. చేతుల నిండా దూది. ఈసారి చెప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

"సార్, ఒకటి అడుగుతా, కోప్పడొద్దు."

"అడగరా."

"నా పేరు పక్కన మ ఎందుకు రాయలేదు?"

నేను నోటుబుక్కు సొరుగులోకి తోశాను.

"మీ నోటుబుక్కులో మ సంగతి మా అందరికీ తెలుసు సార్. ఇప్పటిది కాదుగా. పాత నోటుబుక్కుల్లో కూడా ఉంది. కుర్రాళ్ళు నవ్వుకుంటారు, ఈ యేడు ఎవరికి మ పడిందిరా అని. నేను ఎప్పుడూ ఏమనుకోలా. నాకు పద్నాలుగేళ్ళప్పుడు నా ఫారం మీరే రాశారు. మా నాన్న పోతే నాతో పాటు వచ్చి నిలబడ్డారు. కమిటీ సంగతి వదిలెయ్యండి. నేను మీకు మనోణ్ణి కానా సార్?"

నాకు సిగ్గేసింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ముప్పై రెండేళ్ళలో నన్ను ఎంతోమంది తిట్టారు, ఒక రెఫరీ అయితే విజిలు కూడా విసిరాడు. ఎవరూ ఇలా కొట్టలేదు.

అతను లేచి వెళ్ళిపోయాడు. కుర్చీ మీద దూది మిగిలింది.

మర్నాడు ఐదింటికల్లా గ్రౌండుకి వెళ్ళి, కోన్లు పెడుతున్న కోచ్ గారి ముందు నిలబడ్డాను. నా ఇంగ్లీషు మీకు తెలియదు కాబట్టి, ఆ సంభాషణ ఎంతసేపు పట్టిందో మీకు తెలియదు. సారాంశం చెబుతాను.

"కోచ్ గారూ, ఆ మ మిడ్‌ఫీల్డ్ కాదండీ."

"దెన్?"

"మనోడు."

"మనోడు మీన్స్?"

"అవర్ మ్యాన్ అండీ."

ఆయన చేతిలోని కోను కింద పెట్టారు. నిజంగా అర్థంకాక అడిగారు, వెటకారం లేదు.

"సార్, ఆల్ థర్టీ వన్ ఆర్ అవర్ మెన్, నో?"

జవాబు చెప్పడానికి నాకు ఇంగ్లీషు చాలలేదనుకున్నాను. తెలుగులో వెతికితే అక్కడా దొరకలేదు. నేల మీద పుల్లతో మ రాశాను, పక్కన మి రాశాను. మకు గుడిస్తే మి అని పాడి వినిపించాను. ఆయన వంగి, గుడి మీద వేలు పెట్టి చూశారు.

"దిస్ స్మాల్ క్యాప్?"

"అవునండీ. గుడి అంటాం."

"గుడి... టెంపుల్?"

"ఆ మాటేనండీ."

"సో, టెంపుల్ ఉంటే మిడ్‌ఫీల్డర్. టెంపుల్ లేకపోతే మనోడు." ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టారు. తుమ్ముల వారం తర్వాత ఆయన ఒళ్ళంతా అలా కదలడం మళ్ళీ అప్పుడే చూశాను. నవ్వు ఆగాక మొహం గట్టిగా పెట్టి, "సార్, యూ షుడ్ టెల్ మీ ఎస్టర్‌డే" అన్నారు. అది నిజమే. తర్వాత ఆయన నా చేత మనోడు అన్న మాట నాలుగుసార్లు పలికించుకుని, తానూ పలికి సరిచూసుకున్నారు. ఎందుకో చెప్పలేదు.

ఎనిమిదింటికి ప్రెసిడెంటు గారు కారు దిగారు. జాబితా చదివే రోజు కదా, కమిటీ కూడా వచ్చింది. ఆటగాళ్ళు ముప్పై ఒక్కమందీ మెట్ల మీద కూర్చున్నారు. కెప్టెన్ చివరి మెట్టు మీద, సంచీ సర్దుకుని, వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు. మజ్జిగ గ్లాసులు తిరుగుతున్నాయి.

కోచ్ గారు నా నోటుబుక్కు పట్టుకుని ప్రెసిడెంటు గారి పక్కన నిలబడ్డారు.

"ప్రెసిడెంట్ గారూ, తెలుగు ప్రాక్టీస్. ప్లీజ్ హెల్ప్" అని, మేనల్లుణ్ణి లేచి నిలబడమన్నారు. "ఇతను మనోడా?"

ప్రెసిడెంటు గారి మొహం చాటంత అయింది. "మనోడే! మనోడే అండీ! ఆహా, ఏం నేర్చారండీ!"

రెండోవాణ్ణి లేపారు. కోల్డ్ స్టోరేజీ వాళ్ళబ్బాయి. "ఇతను మనోడా?" "మనోడే!" మూడోవాడు యార్డులో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మోసే కుర్రాడు. పొద్దున ఆట, పగలు మోత. "ఇతను మనోడా?" ప్రెసిడెంటు గారు ఒక్క క్షణం తడుముకున్నారు. ఆ అబ్బాయి ఎదురుగా నిలబడి ఉన్నాడు, అందరూ చూస్తున్నారు. కాదని ఎలా అంటారు? "ఆ... మనోడే" అన్నారు.

నాలుగు, ఐదు, ఆరు. మెట్ల మీద కుర్రాళ్ళకి సంగతి అర్థమైపోయింది. లేచినవాడల్లా ఒకడు నడుమ్మీద చేతులు పెట్టుకుని, ఒకడు కాలరు సర్దుకుని నిలబడుతున్నాడు. ప్రతి 'మనోడే'కీ మెట్లన్నీ ఈల వేస్తున్నాయి. పదిహేను దాటేసరికి ప్రెసిడెంటు గారికి చెమటలు పట్టాయి. నా వైపు ఒక చూపు చూశారు. నేను ఆకాశంలోకి చూశాను.

ఆఖరున కెప్టెన్ లేచాడు. ఈలలు ఆగిపోయాయి. అతను తల వంచుకుని నిలబడ్డాడు. కోచ్ గారు చాలా నెమ్మదిగా, ఒక్కో అక్షరం పట్టుకుని అడిగారు.

"ఇతను మనోడా?"

ప్రెసిడెంటు గారు అతన్ని చూశారు. నిజంగా చూశారు. ఇంట్లో ఆయన పడుకునే పరుపు కుట్టింది కెప్టెన్ వాళ్ళ నాన్నే. ఇరవై ఏళ్ళుగా ఆయన కారు దగ్గరకొస్తే తలుపు తీసి సలాం కొట్టింది ఇతనే. ఆ పెద్ద గొంతు ఎందుకో కాస్త తగ్గింది.

"అదేం మాటండీ? వాడు మనోడు కాకపోతే ఇంకెవడు మనోడు?"

"థాంక్యూ, సార్" అన్నారు కోచ్ గారు, నోటుబుక్కు మూసేసి. "థర్టీ వన్ ప్లేయర్స్. థర్టీ వన్ మనోడు. సో, నౌ ఐ సెలెక్ట్ ఓన్లీ ఫుట్‌బాల్."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఇక ఎవరూ వాటిని ఆపలేకపోయారు. ప్రెసిడెంటు గారు కూడా కొట్టారు. కొట్టక ఏం చేస్తారు?

ఆరుగురు మనోళ్ళలో నలుగురు ఆ పూటే బయటికొచ్చారు. విత్తనాల కొట్టాయన అల్లుడు అందరికన్నా సంతోషంగా వచ్చాడు. మామగారి కోసం ఆడుతున్నాడట పాపం. కోల్డ్ స్టోరేజీ అన్నదమ్ముల్లో ఒకడు నిలిచాడు. ఇక మేనల్లుడి సంగతే అసలు తమాషా. నా రాత తప్పుగా చదివి మధ్యలో పెట్టిన ఆ ఆరడుగుల అబ్బాయి అక్కడ నిజంగానే బాగా ఆడాడు. పదేళ్ళు గోల్లో నిలబడి ఆటంతా ముందు నుంచి చూసినవాడు కదా, ఎవరు ఎటు పోతారో తెలుసు. కోచ్ గారు వాణ్ణి మనోడని కాదు, మిడ్‌ఫీల్డరని ఉంచుకున్నారు. వాడికి గుడి పడింది.

కెప్టెన్ని పక్కకి పిలిచి, "నైంటీ మినిట్స్ నో. లాస్ట్ ట్వంటీ మినిట్స్. ఓకే?" అన్నారు.

"పది చాలు సార్" అన్నాడు కెప్టెన్. సంచీ మళ్ళీ విప్పాడు.

ప్రెసిడెంటు గారు వెళ్తూ మళ్ళీ అద్దం దించారు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. నన్ను చూసి, "ఏమయ్యా, ముప్పై ఏళ్ళుగా నీ చేతిరాత ఇంత ఘోరమని నాకెవరూ చెప్పలేదే?" అన్నారు. అద్దం పైకి పోయింది. లోపల ఆయన భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నారనే అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

ఈ పాటికి మేం పై డివిజన్‌కి ఎక్కేశామని మీరు అనుకుంటుంటారు. లేదు. ఇద్దరు ఎక్కే చోట మూడోవాళ్ళమయ్యాం. కానీ ఓడిన మ్యాచ్‌ల కంటే గెలిచినవి ఎక్కువ, అది మా క్లబ్బులో కొత్త రుచి. చివరి ఇరవై నిమిషాలూ కెప్టెన్ దిగేవాడు. అతను దిగితే మిగిలిన పదిమందీ కాస్త నెమ్మదించి, తల పెట్టి ఆడేవాళ్ళు.

సొంత గ్రౌండులో ఒక మ్యాచ్. మూడు సున్నాతో గెలుస్తున్నాం. ఇంకో ఐదు నిమిషాలున్నాయి. మాకు పెనాల్టీ వచ్చింది. తన్నాల్సింది మేనల్లుడు. వాడు బంతి తీసుకుని చుక్క దగ్గరకి పోలేదు, నడుచుకుంటూ వచ్చి కెప్టెన్ చేతిలో పెట్టాడు. కెప్టెన్ వద్దని తలూపాడు. వాడు వినలేదు. ఒంగి అతని గడ్డంలోంచి దూదిపింజ ఒకటి తీసి, "ఇప్పుడు తన్నన్నా, బరువు తగ్గావు" అన్నాడు. అంతా నవ్వారు, కెప్టెన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు మొహంతోనే తన్నాడు. గోల్‌కీపర్ ఒకవైపు దూకాడు, బంతి ఇంకోవైపు పోయింది.

ఆ గోలు లేకపోయినా మేం గెలిచేవాళ్ళమే. అయినా నేను గదిలోంచి చెప్పులు లేకుండా బయటికి పరిగెత్తాను.

సీజన్ అయ్యాక అతను మానేశాడు, తల ఎత్తుకునే. ఆ నెలలోనే నేనూ రిటైరయ్యాను. క్లబ్బులో శాలువాలు కప్పారు, మాట్లాడారు, ప్రెసిడెంటు గారు నా చేతిరాత మీద ఒక జోకు వేశారు. అంతా అయ్యాక కెప్టెన్ వచ్చి ఒక కాగితం పొట్లం చేతిలో పెట్టాడు. "ఇంటికెళ్ళి విప్పండి సార్" అన్నాడు. నేను ఆగుతానా? గేటు దగ్గరే విప్పాను.

దిండు. కొత్త దూది. తెల్లటి గలీబు మీద ఒక మూల ఎర్ర దారంతో ఒక్క అక్షరం కుట్టి ఉంది. కళ్ళజోడు ఇంటి దగ్గర మర్చిపోయాను, సరిగ్గా కనిపించలేదు. అందుకని ఆ అక్షరం నెత్తి మీద వేలు పెట్టి నెమ్మదిగా తడిమి చూశాను, గుడి ఉందేమోనని.

లేదు.